ఇంటి నిల్వకు జంట డిస్కులు: అవి కాపాడునది, కాపాడలేనిది

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు రెండు ధర్మములు కలవు. ఒకటి చదివించుట, రెండవది కాపాడుట. మొదటిది అందరికిని కనబడును. రెండవది పుస్తకము పోయిననాడు గాని ఎవరికిని తట్టదు. పూర్వము తాళపత్రములపై గ్రంథము వ్రాసి ముగించిన లేఖకులు చివరి ఆకున ఒక విన్నపము చేర్చెడివారు. నూనెనుండి, నీటినుండి, సడలిన కట్టునుండి ఈ పుస్తకమును రక్షింపవలెననియు, మూర్ఖుని చేతికి ఇవ్వరాదనియు దాని సారాంశము. తాటాకు పోయి కాగితము వచ్చినది. కాగితముతోపాటు నేడు కంప్యూటరు డిస్కు వచ్చినది. కాని ఆ భయములు మాత్రము పోలేదు.

వానికి పూర్వులెరిగిన విరుగుడు మరియొక ప్రతి వ్రాయించుటయే. ఆకు శిథిలము కాకముందే క్రొత్త ఆకునకు ఎక్కించినవారి వలననే కావ్యములు నిలిచినవి. 19వ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను జీతములిచ్చి నియమించి, ఒక్కొక్క గ్రంథమునకు దొరికినన్ని ప్రతులను తెప్పించి, వానిని పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ప్రతులు పలుచోట్ల ఉండుటచేతనే ఆ పని సాధ్యమైనది. ఒక ఊరి ప్రతిని చెదలు తినినను మరియొక ఊరి ప్రతి మిగిలినది. తాళ్ళపాక అన్నమాచార్యులవారు 32,000 సంకీర్తనలు రచించిరని వారి మనుమడు చిన్నన్న చెప్పెను. తిరుమలలో రాగిరేకులపై నిలిచి నేటికి లభించినవి అందు సగమైన లేవు. రాగిరేకును చెదలు తినదు, అది నీట నానదు. అయినను పోయిన రేకునకు రెండవ ప్రతి దొరకనపుడు ఆ పాట తిరిగి రాదు. వస్తువు గట్టిగా ఉండుట వేరు, ప్రతులు వేరువేరు చోట్ల ఉండుట వేరు. నేడు చెప్పదలచిన విషయమంతయు ఈ భేదముపైననే ఆధారపడియున్నది.

ఇప్పుడు ప్రతి ఇంటిలోను ఒక చిన్న గ్రంథాలయము ఏర్పడినది. అది బీరువాలో లేదు. ఫోనులోను, కంప్యూటరులోను ఉన్నది. పెండ్లి ఛాయాచిత్రములు, పిల్లల తొలి అడుగుల వీడియోలు, పట్టాదారు పాసుపుస్తకము, దస్తావేజులు, చదువు పట్టాలు మొదలగువాని స్కాను ప్రతులు, కాలము చేసిన తాతగారి మాటల రికార్డు, ఇవి అన్నియు అందు చేరినవి. దస్తావేజు నకలు రిజిస్ట్రారు కార్యాలయమున మరల దొరకును. చదువు పట్టాకు విశ్వవిద్యాలయమువారు మరియొక ప్రతి ఇత్తురు. తాతగారి గొంతుకు నకలు ఇచ్చు కార్యాలయము ఎచ్చటను లేదు. కావున ఇట్టి నిల్వను కాపాడు మార్గమును గృహస్థు స్వయముగా తెలిసికొనవలసియున్నది.

ఈ నిల్వకు ఆధారమైన హార్డుడిస్కు 1956 లో పుట్టినది. ఐబీఎం సంస్థ ర్యామాక్ అను కంప్యూటరుతో దానిని మొదట ప్రకటించినది. రెండడుగుల అడ్డుకొలత గల 50 పళ్ళెములతో, ఇంచుమించు ఒక టన్ను బరువుతో ఉండిన ఆ యంత్రములో పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేటి ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు అది చాలీచాలని చోటు. ఇప్పుడు చేతిలో ఇముడు ఒక డిస్కునందు 4 టెరాబైట్లు, అనగా 4 లక్షల కోట్ల అక్షరములు పట్టును.

చోటు పెరిగినది గాని స్వభావము మారలేదు. డిస్కు లోపల అయస్కాంతపు పూత గల పళ్ళెములు నిమిషమునకు 5,400 లేక 7,200 సార్లు తిరుగుచుండును. వానిని చదివి వ్రాయు ముల్లు పళ్ళెమును తాకకుండ, వెంట్రుక మందములో వేయవ వంతుకంటెను తక్కువ ఎత్తున తేలుచుండును. డిస్కు తిరుగుచుండగా క్రింద పడినను, విద్యుత్తు హఠాత్తుగా హెచ్చినను, లోపలి భాగము అరిగినను ఏండ్ల నిల్వ ఒక్క క్షణములో అందకుండ పోవచ్చును. లక్షలాది డిస్కులను నడుపుచు, వానిలో చెడినవాని లెక్కను ఏటేట ప్రకటించు బ్యాక్‌బ్లేజ్ అను అమెరికా సంస్థ లెక్కలలో, ఇటీవలి సంవత్సరములందు ఏటికి నూటికి ఒకటినుండి రెండు వరకు చెడుచున్నట్లు కనబడును. ఇది స్వల్పముగా తోచును. కాని డిస్కును ఐదేండ్లు వాడు ఇండ్లు నూరు ఉన్నచో, ఈ లెక్కన వానిలో ఐదునుండి పది ఇండ్లకు ఆ దినము వచ్చును. ఆ ఇండ్లు ఏవో ముందుగా ఎవరును చెప్పలేరు.

ఒక డిస్కు చెడినను పని ఆగకుండునట్లు కొన్ని డిస్కులను కలిపి నడుపు పద్ధతికి రెయిడ్ అని పేరు. పెద్ద సంస్థలలో డిస్కులను జంటగా నడుపుట అంతకు ముందును కలదు. 1988 లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అను మువ్వురు ఒక పరిశోధన వ్యాసమున ఇట్టి పద్ధతులకు వరుస సంఖ్యలు పెట్టి, ఈ పేరును ప్రచారమునకు తెచ్చిరి. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి వాడుటకు బదులు చవుకైన చిన్న డిస్కులను పెక్కింటిని వాడవచ్చునని వారి వాదము. డిస్కులు పెరిగినకొలది వానిలో ఏదో ఒకటి చెడు అవకాశమును పెరుగును గదా. కావున కొంత చోటును అదనపు ప్రతికై కేటాయింపవలెనని వారు చెప్పిరి.

ఈ పద్ధతులలో తేలికైనది రెయిడ్ 1. దీనిని అద్దము పద్ధతి యనవచ్చును. వ్రాయబడు ప్రతి అక్షరమును రెండు డిస్కులపైనను చేరును. 4 టెరాబైట్ల డిస్కులు రెండు ఉన్నచో ఇంటివారికి కనబడు చోటు 4 టెరాబైట్లే. ఒకటి చెడినను రెండవది పని సాగించును. చెడినదానిని తీసి క్రొత్తది పెట్టినచో, మిగిలిన డిస్కునుండి అందులోనికి సర్వమును మరల ఎక్కును.

రెయిడ్ 5 అనుదానికి కనీసము మూడు డిస్కులు కావలెను. దాని కిటుకును ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. మొదటి కాగితముమీద 7, రెండవ కాగితముమీద 5, మూడవదానిమీద వాని మొత్తము 12 వ్రాసితిరనుకొనుడు. 5 వ్రాసిన కాగితము పోయినచో 12 లోనుండి 7 తీసివేసి దానిని మరల కనుగొనవచ్చును. డిస్కులలో జరుగునది కూడికకు బదులు సరి బేసి లెక్క. న్యాయము మాత్రము ఇదియే. ఇందు ఎన్ని డిస్కులున్నను ఒక్కదాని చోటు మాత్రమే లెక్కకు పోవును. ఒక్కటి చెడిన తట్టుకొనును. రెయిడ్ 6 అనుదానికి కనీసము నాలుగు డిస్కులు కావలెను. అది రెండు చెడినను తట్టుకొనును. ఇక రెయిడ్ 0 అను పేరుతో ఒకటి కలదు. అందు అదనపు ప్రతి లేనే లేదు. వేగముకొరకు నిల్వను ముక్కలుచేసి డిస్కులన్నింటికి పంచుటచేత, ఒక్కటి చెడిన సర్వమును పోవును. పేరు చూచి మోసపోరాదు.

సామాన్య గృహమునకు రెండు డిస్కుల అద్దము పద్ధతియే తగినది. లెక్క సులభము, మరమ్మతు సులభము. ఇందుకు రెండు డిస్కులు పట్టు నాస్ పెట్టె యొకటి కావలెను. సైనాలజీ, క్యూనాప్ వంటి సంస్థలు ఇట్టివి అమ్ముచున్నవి. పాత కంప్యూటరున్నచో ట్రూనాస్ గాని, ఓపెన్‌మీడియావాల్ట్ గాని ఉచితముగా ఎక్కించి అదే పని చేయించుకొనవచ్చును. పెట్టెను రూటరునకు తీగతో కలుపవలెను. సాధారణమైన గిగాబిట్ తీగపై సెకనుకు సుమారు 110 మెగాబైట్లు పోవును. ఆ వేగమున ఒక టెరాబైటు నిల్వ ఎక్కుటకు రెండున్నర గంటలు పట్టును. వైఫైపై సాధారణముగా ఇంకను ఎక్కువ కాలము పట్టును.

డిస్కులను కొనునపుడు మూడు విషయములు చూడవలెను. రెండును ఒకే పరిమాణము గలవి కావలెను. ఏలన చిన్నదానికి సరిపడు చోటే లెక్కకు వచ్చును. రెండును ఒకే దినము ఒకే అంగడిలో కొనక, వేరువేరు చోట్ల కొనుట మేలు. ఒకే విడతలో తయారైనవానికి ఒకే లోపము ఉండవచ్చును. మూడవది, ఎస్ఎంఆర్ రకమును విడిచి సీఎంఆర్ రకమును అడిగి తీసికొనవలెను. ఎస్ఎంఆర్ డిస్కులో వ్రాత వరుసలు ఇంటికప్పు పెంకులవలె ఒకదానిపై ఒకటి కొంత ఎక్కియుండును. నడుమనున్న పెంకును మార్చుటకు పైవరుసలను కదపవలసినట్లే, అందు పాత వ్రాతను మార్చుట ఆలస్యమగును. చెడిన డిస్కు స్థానమున క్రొత్తదానిని నింపునపుడు ఆ ఆలస్యము చాల బాధించును.

డిస్కులను జత చేయునపుడు వానిలోని పాత నిల్వ సాధారణముగా తుడిచివేయబడును. కావున ఉన్నదానిని ముందుగా వేరొక డిస్కులోనికి ఎత్తి పెట్టి, అది తెరచుకొనుచున్నదో లేదో చూచిన తరువాతనే పని ప్రారంభింపవలెను. అటుపై పెట్టెయొక్క అమరిక పుటలో అద్దము పద్ధతిని ఎన్నుకొని, ఇంటిలో ప్రతి ఒక్కరికిని వేరు పేరు, వేరు సంకేతపదము ఏర్పరుపవలెను. ఫోనులును కంప్యూటరులును రాత్రివేళ తమంతట తామే ఆ పెట్టెలోనికి నకలు పంపునట్లు అమర్పవలెను. మనిషి జ్ఞాపకముపై ఆధారపడిన బ్యాకప్పు పండుగలకును, పంట పనులకును ఆగిపోవును. ఆ పెట్టె బయటి ఇంటర్నెట్టునుండి నేరుగా కనబడునట్లు తెరచి ఉంచరాదు.

ఇచ్చట పాఠభేదముల సమస్య యొకటి కలదు. రెండు తాళపత్ర ప్రతులలో ఒకచోట రెండు వేరు పాఠములు కనబడినచో ఏది సరియైనదో ఎట్లు తేల్చుట? బ్రౌను పండితులకు మూడవ ప్రతియో, ఛందస్సో తోడ్పడెను. అద్దము పద్ధతిలోను ఈ చిక్కే వచ్చును. ఒక డిస్కులో ఒక అక్షరము చడిచప్పుడు లేకుండ మారినచో, సామాన్యమైన రెయిడ్ ఏది మూలమో ఏది తప్పో చెప్పలేదు. జెడ్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ అను నిల్వ పద్ధతులు ప్రతి ముక్కకును ఒక సరిచూపు సంఖ్యను వేరుగా వ్రాసిపెట్టును. చదువునపుడు ఆ సంఖ్య కుదరనిచో ఆ ప్రతి తప్పని గ్రహించి, రెండవ డిస్కునుండి సరిదిద్దును. పద్యపాదములో యతి తప్పినచోట పండితుడు లేఖక దోషమును పట్టినట్లే ఇదియు. వీలైనచో ఇట్టి పద్ధతినే ఎన్నుకొనవలెను. నెలకొకసారి నిల్వనంతయు మొదటినుండి తుదివరకు చదివించి సరిచూచు ఏర్పాటును చేయవలెను.

మరికొన్ని చిన్న జాగ్రత్తలు కలవు. ప్రతి డిస్కునకును తయారీదారు ఇచ్చిన వరుస సంఖ్య ఉండును. ఏ గూటిలో ఏ సంఖ్య గల డిస్కు ఉన్నదో పెట్టెమీద అంటించిన కాగితమున వ్రాసియుంచవలెను. చెడినదానిని తీయబోయి మంచిదానిని లాగినవారు కలరు. కరెంటు పోయినపుడు వ్రాత మధ్యలో ఆగకుండుటకు చిన్న యూపీఎస్ ఉంచవలెను. డిస్కు చెడినపుడు పెట్టె ఈమెయిలుద్వారా తెలుపునట్లు అమర్చి, ఆ ఉత్తరము నిజముగా వచ్చుచున్నదో లేదో ఒకసారి పరీక్షించి చూడవలెను. ఏలన అద్దము పద్ధతికి ఒక గుణమే దోషముగా పరిణమించును. ఒకటి చెడినను పని ఆగదు. పని ఆగదు గనుక ఎవరును గమనింపరు. నెలల తరబడి ఒక్క డిస్కుపై నడచి, అదియు చెడినపుడు గాని మొదటిది ఎన్నడో చెడినదని తెలియదు.

అట్టి ఉత్తరము వచ్చిననాడు తొందరపడరాదు. మొట్టమొదట, మిగిలిన డిస్కులో ముఖ్యమైనది వేరొకచోట ఉన్నదో లేదో చూచి, లేనిచో వెంటనే నకలు తీయవలెను. తరువాత వరుస సంఖ్యను రెండుసార్లు సరిచూచి, చెడినదానిని తీసి క్రొత్తది పెట్టవలెను. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున 4 టెరాబైట్లు నిండుటకు సుమారు ఏడున్నర గంటలు పట్టును. ఆ సమయమున ఇంటివారు కూడ వాడుచున్నచో ఇంకను ఆలస్యమగును. అంతవరకును ఇంటి నిల్వ యావత్తును ఒక్క డిస్కుపైననే నిలిచియుండునని మరువరాదు.

ఇంతవరకు చెప్పినది జంట డిస్కుల మేలు. ఇకమీద వానివలన కాని పని చెప్పవలసియున్నది. దీనిని తెలియకపోవుటచేతనే పెక్కురు నష్టపోవుచున్నారు.

ఏటికి నూటికి రెండు చొప్పున డిస్కులు చెడుననుకొన్నచో, రెండు డిస్కులును ఒకే ఏట చెడుట పదివేలకు నాలుగు మాత్రమేనని లెక్క తేలును. ఈ లెక్క ఒక షరతుపై నిలిచియున్నది. ఒకటి చెడుటకును రెండవది చెడుటకును సంబంధము లేకున్ననే అది చెల్లును. కాని ఆ రెండు డిస్కులు ఉన్నది ఒకే పెట్టెలో. వానికి వచ్చునది ఒకే తీగలోని విద్యుత్తు. వానిపై ఉన్నది ఒకే ఇంటి కప్పు. వానికి ఆజ్ఞ ఇచ్చునది ఒకే కంప్యూటరు. పిడుగు పడినచో రెండింటికిని ఒక్కసారే తగులును. దొంగ పెట్టెను ఎత్తుకొనిపోయినచో రెండును పోవును. ఎవరైన పొరపాటున ఒక ఫైలును చెరిపినచో అద్దము ఆ చెరపును కూడ తక్షణమే రెండవ డిస్కునకు అందించును. అద్దము ఉన్నదానిని చూపును. నిన్న ఉన్నదానిని చూపదు.

చెరపువలన వచ్చిన ముప్పునకు ప్రసిద్ధమైన ఉదాహరణ యొకటి కలదు. 1998 లో అమెరికాలోని పిక్సార్ సంస్థ టాయ్ స్టోరీ 2 అను చిత్రమును నిర్మించుచుండగా, ఒక ఆజ్ఞ పొరపాటున నడచి ఆ చిత్రపు ఫైళ్ళలో అధికభాగము చెరిగిపోయినవి. బ్యాకప్పు ఉన్నదని అందరును ధైర్యముగా ఉండిరి. తీసి చూడగా అది కొంతకాలముగా సరిగా పనిచేయుటలేదని తెలిసినది. పర్యవేక్షక సాంకేతిక నిర్దేశకురాలైన గేలిన్ సుస్మన్ బిడ్డను కనిన తరువాత ఇంటినుండి పనిచేయుచు, ఇంటి కంప్యూటరులో ఒక నకలు ఉంచుకొనియుండిరి. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారులో మెల్లగా కార్యాలయమునకు చేర్చిరి. చిత్రము 1999 లో విడుదలైనది. దానిని కాపాడినది మరియొక ఇంటిలోని ప్రతి.

తెలిసి చేయు కీడు మరియొకటి. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము లోకమంతట వ్యాపించి, కంప్యూటరులలోని ఫైళ్ళకు తాళము వేసి సొమ్ము అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటరులు కొన్ని కూడ దానికి లోనైనవి. ఇట్టి ప్రోగ్రాము తనకు చేరువలోనున్న నాస్ పెట్టెలోని ఫైళ్ళకును తాళము వేయగలదు. అప్పుడు జంట డిస్కులలో రెండు తాళము పడిన ప్రతులు మిగులును.

అగ్నిజలములకు గొప్ప చిన్న భేదము లేదు. 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలోని దేజాన్ నగరమున ప్రభుత్వ సమాచార కేంద్రములో బ్యాటరీలనుండి అగ్ని పుట్టినది. ప్రభుత్వోద్యోగులు తమ పని కాగితములు దాచుకొను జీ డ్రైవ్ అను నిల్వ, 858 టెరాబైట్లు, నశించినది. అది అతి పెద్దదగుటచేత దానికి బయట ప్రతి తీయలేదు. సాంకేతిక విద్యలో అగ్రగణ్యమైన దేశపు ప్రభుత్వమునకే ఇట్లు జరిగినది. మన ప్రాంతములో, 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు వరద విజయవాడలో వేలాది ఇండ్లను ముంచినది. నడుములోతు నీటిలో మునిగిన పెట్టెలో డిస్కు ఒకటున్నను రెండున్నను ఫలము ఒకటే.

దీనినిబట్టి తేలునది ఇది. జంట డిస్కు పని ఆగకుండుటకు; వేరు ప్రతి నిల్వ పోకుండుటకు. మొదటిది రెండవదాని పని చేయలేదు. రెయిడ్ పెట్టితిమి గనుక బ్యాకప్పు ఉన్నదనుకొనుట, ఇంటికి రెండు తాళములు వేసితిమి గనుక వరద రాదనుకొనుటవంటిది.

వేరు ప్రతికి సులభమైన సూత్రము కలదు. పీటర్ క్రోగ్ అను అమెరికా ఛాయాచిత్రకారుడు దానిని ప్రచారము చేసెను. మొత్తము మూడు ప్రతులు ఉండవలెను. అవి రెండు విధములైన నిల్వ సాధనములపై ఉండవలెను. వానిలో ఒకటి మరియొక చోట ఉండవలెను. ఇంటివారి కంప్యూటరులోను ఫోనులోను ఉన్నది మొదటి ప్రతి. జంట డిస్కుల పెట్టెలోనిది రెండవది. డిస్కులు రెండైనను దానిని ఒక్క ప్రతిగానే లెక్కింపవలెను. మూడవది వేరొక ఊరిలోనో, కనీసము వేరొక ఇంటిలోనో ఉండవలెను.

ఈ మూడవదానికి తెలుగు కుటుంబములకు ఒక సదుపాయము సహజముగానే కలదు. తల్లిదండ్రులు గ్రామమునను, కుమారుడు హైదరాబాదునను, కుమార్తె విదేశమునను ఉన్న ఇండ్లు నేడు సామాన్యము. రెండు బయటి డిస్కులను కొని, ఒకదానిని ఇంటిలోను మరియొకదానిని కుమారునివద్దను ఉంచి, పండుగకు వచ్చినపుడెల్ల క్రొత్త నకలు ఎక్కించి మార్చుకొనవచ్చును. సంక్రాంతికి ఒకసారి, వేసవిలో ఒకసారి, దసరాకు ఒకసారి మార్చినను ఏడాదికి మూడుసార్లగును. నకలు ఎక్కించిన వెంటనే డిస్కును తీగనుండి విడదీసి పెట్టవలెను. విడదీసినదానిని పిడుగు తాకదు, తాళము వేయు ప్రోగ్రామును చేరదు. ఇంటర్నెట్టు వేగము బాగుగా ఉన్నచోట ఒక ఇంటి పెట్టెనుండి మరియొక ఇంటి పెట్టెకు రాత్రివేళ క్రొత్త మార్పులు మాత్రము పంపవచ్చును. మొదటి నకలు పెద్దది గనుక దానిని డిస్కుమీద మోసికొనిపోయి, తరువాతి మార్పులను తీగపై పంపుట తెలివి. సొమ్ము చెల్లించి క్లౌడ్ నిల్వను వాడుకొనువారు కూడ కలరు. అదియు ఒక వేరు చోటే.

బయటికి పోవు ప్రతిని రహస్య లిపిలోనికి మార్చి పంపవలెను. రెస్టిక్, బోర్గ్ అను ఉచిత ప్రోగ్రాములు ఆ పని చేయుచు, నిన్నటి స్థితి, నెల క్రిందటి స్థితి వేరువేరుగా నిలుపును. కావున చెరిపిన ఫైలును పాత తేదీనుండి తెచ్చుకొనవచ్చును. కాని రహస్య లిపికి తాళపుచెవియైన సంకేతపదము పోయినచో ఆ ప్రతి ఉన్నను లేనట్లే. దానిని కాగితముమీద వ్రాసి, దస్తావేజులు దాచుచోటనే దాచి, కుటుంబములో మరియొకరికి చెప్పియుంచవలెను. ఇంటి యజమాని ఒక్కడే ఎరిగిన రహస్యము అతనితోనే పోవును.

చివరిది, అందరును విడిచిపెట్టునది, పరీక్ష. తీసి చూడని ప్రతి ఉన్నదో లేదో ఎవరును చెప్పలేరు. పిక్సార్ కథ నేర్పునది అదియే. మూడు నెలలకొకసారి బయటి ప్రతినుండి ఒక పాత ఛాయాచిత్రమును, ఒక దస్తావేజును, ఒక వీడియోను వేరొక కంప్యూటరులోనికి తెప్పించి తెరచి చూడవలెను. అవి తెరచుకొన్నచో తేదీవేసి ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. ఇది పావుగంట పని.

అన్నింటికిని సొమ్ము చాలని ఇండ్లవారు ఏది ముందు చేయవలెనను ప్రశ్న రావచ్చును. అంగడివారు ముందుగా జంట డిస్కుల పెట్టెనే చూపుదురు. గృహస్థు మాత్రము క్రమమును తిరగవేయవలెను. ఉన్న సొమ్ము ఒక్క బయటి డిస్కునకే చాలునన్నచో దానినే కొని, నకలు ఎక్కించి, బంధువులయింట ఉంచవలెను. మరికొంత చేతికి వచ్చిననాడు రెండవ బయటి డిస్కు కొనవలెను. పెట్టెయు జంట డిస్కులును ఆ పిమ్మటనే. ఏలన డిస్కు చెడి రెండు దినములు పని ఆగినను ఇంటికి వచ్చు కష్టము స్వల్పము. వ్యాపార సంస్థలకు పని ఆగుట నష్టము. కుటుంబమునకు పోయినది మరల రాకుండుటయే నష్టము.

గ్రామ గ్రంథాలయము ఈ విషయమున చేయదగిన పని కలదు. తన చేర్పు పుస్తకమును, పాత కార్యక్రమ పత్రములను, ఊరి పెద్దలవద్దనున్న పాత ఛాయాచిత్రములను స్కాను చేయించి, ఒక ప్రతిని గ్రంథాలయమునను, ఒకటి పొరుగూరి గ్రంథాలయమునను ఉంచవచ్చును. పొరుగూరివారి ప్రతిని ఇచ్చట ఉంచుకొనవచ్చును. ఇచ్చిపుచ్చుకొనుటకు ఖర్చు రెండు డిస్కులే. ఏడాదికి రెండు ఆదివారములు సభ్యులను పిలిచి, బయటి ప్రతిని తెరచి చూపు అభ్యాసమును కూడ జరుపవచ్చును. చదువు రానివారికి ఉత్తరము చదివిపెట్టుట గ్రంథాలయములకు పాత అలవాటు. కంప్యూటరు రాని వృద్ధురాలికి ఆమె భర్త గొంతు భద్రముగా ఉన్నదని తెరచి వినిపించుట ఆ అలవాటునకు కొనసాగింపే.

ఈ రజతోత్సవమునకు వచ్చినవారు ఇంటికి పోయి ముందుగా ఒక కాగితముమీద, ఇంటి నిల్వలో మరల దొరకనివి ఏవో వరుసగా వ్రాయుదురు గాక. వానిలో ప్రతిదాని ఎదుట, ఈ ఇంటిలో గాక మరెచ్చట దీని ప్రతి ఉన్నదను ప్రశ్నకు జవాబు వ్రాయుదురు గాక. జవాబు లేనిచోట ఈ వారముననే పని ప్రారంభింపవలెను.